ముందు శిక్షణ, పిమ్మట శిక్ష

బందరు కోనేరు కూడలిలో నిలిచి చూచువానికి రెండు కాలములు ఒక్కచోట కానవచ్చును. 1930వ సంవత్సరమున, ఉప్పు సత్యాగ్రహ దినములలో, తోట నరసయ్యనాయుడుగారు జాతీయపతాకము నెగురవేయబూని నాటి పోలీసుల లాఠీదెబ్బలకు స్పృహ దప్పి పడినది ఈ కూడలిలోనే. నేడు అదే కూడలిలో తెల్లచొక్కా తొడిగిన మన పోలీసు జవాను మోటారు సైకిలుపై వచ్చి, చేతియంత్రముతో మన బండి నెంబరును పట్టి చలానా వ్రాయుచున్నాడు. నాటి లాఠీ పరాయిది. నేటి చలానా మనది. నాటి పోలీసు ప్రజకు జవాబుదారి కాడు; నేటివాడు ప్రజ నియమించుకొన్న సేవకుడు. ఈ భేదము కాగితముమీద స్పష్టముగనే యున్నది. రహదారిమీద ఎంతవరకు స్పష్టముగ నున్నదో విచారింపవలసియున్నది.

మోటారు సైకిలు పోలీసు సామాన్యోద్యోగి కాడు. వానికి మూడు బలములు ఒక్కమారుగ నప్పగింపబడుచున్నవి. మొదటిది వేగము. రెండవది, పోవువానిని ఆపు హక్కు. మూడవది, ఆపినవానికి అపరాధము వ్రాయు హక్కు. కారులో పోవు అధికారికి నాలుగు చక్రముల నిలుకడ గలదు. కూడలిలో నిలిచినవానికి కాలిక్రింద నేల గలదు. ద్విచక్రవాహనముపై పోవు జవానుకు తన చేతులు, తన కన్నులు, తన బుద్ధి తప్ప వేరాధారము లేదు. అట్టివానిని ఏ గుణమును చూచి ఎన్నుకొనుచున్నారు? ఎన్ని దినములు నేర్పుచున్నారు? నేర్చినదానిని ఎవరు పరీక్షించుచున్నారు? మా అభిప్రాయమును దాచక ముందే చెప్పెదము. ఎన్నికయు శిక్షణయు లేనివానికి బండి నిచ్చుట తప్పు. బండితోపాటు దండనాధికారమును గూడ నిచ్చుట అంతకు మించిన తప్పు.

మన సీమ దారులను ఎరిగినవారికి ఇది యతిశయోక్తిగ దోచదు. పూనానుండి హైదరాబాదు, బెజవాడల మీదుగ వచ్చు 65వ నెంబరు జాతీయ రహదారి బందరులో ముగియును. కత్తిపూడినుండి ఒంగోలు పోవు 216వ రహదారి బందరు, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డలను తాకి, పులిగడ్డ వంతెన దాటి రేపల్లెవైపు సాగును. పామర్రులో మొదలగు 165వ రహదారి గుడివాడ, ముదినేపల్లి, కైకలూరుల మీదుగ భీమవరము పోవును. ఈ మూడింటిని విడిచిన మరుక్షణము మనది కాలువగట్ల రాజ్యము. ఒకప్రక్క కాలువ, ఒకప్రక్క చేను, నడుమ రెండు బండ్లెదురైన ఒకటి దిగి దారి యీయవలసిన బాట. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు కుంగి, పైనున్న తారును చీల్చుచుండును. కోతల దినములలో ట్రాక్టరు చక్రముల నంటివచ్చిన బంకమన్ను తారుపై పేరుకొని, మంచు పడిన వేకువను నూనెవలె జారును. ధాన్యమును రోడ్డుమీదనే ఆరబోయుదురు. రాత్రి ఆ రాసులచుట్టు రాళ్లు పేర్తురు గాని దీపము నుంచరు. వెనుక దీపము లేని ట్రక్కులు, నీరు కార్చుచు పోవు చేపల లారీలు, 2023 మే నెలలో బందరు రేవు పనులు మొదలైనప్పటినుండి హెచ్చిన టిప్పర్లు, సందెవేళ ఇండ్లకు మరలు గేదెలమందలు, ఇవి యన్నియు ఆ యిరుకు బాటనే పంచుకొనవలెను. ఇట్టి దారిలో మోటారు సైకిలు నడుపుట యొక విద్య. దానిపై నెక్కి యొరులను శాసించుట విద్యపై విద్య.

మా ఫిర్యాదు బండిమీద కాదు. కారు పోలేని గట్టుమీద మోటారు సైకిలు పోగలదు. 1977 నవంబరు 19వ తేదీని ఉప్పెన దివిసీమను ముంచినపుడు, దారులు తెగి చెట్లు కూలి, గ్రామములకు సాయము చేరుట కెంత ఆలస్యమైనదో పెద్దలు మరువలేదు. మన సీమకు ఈ బండి తగినదే. దానిపై కూర్చుండువాడు తగినవాడా యనునదే ప్రశ్న.

మా ఫిర్యాదు శాసనముమీదను గాదు. కేంద్ర రహదారి రవాణా శాఖవారి లెక్క ప్రకారము 2022లో దేశమున 1,68,491 మంది రోడ్డు ప్రమాదములలో మరణించిరి. 2011 జనాభా లెక్కలలో బందరు పురజనము ఇంచుమించు 1,70,000. అనగా ఒక్క యేటిలో పసిపిల్లలతో, ముదుసళ్లతో బందరు బందరే తుడిచిపెట్టుకొనిపోయినట్లు. వీరిలో నూటికి 44 మంది ద్విచక్రవాహనములపై పోయినవారు. హెల్మెట్టు ధరింపక మరణించినవారు 50,029 మంది. అందు 14,337 మంది బండి నడిపినవారు కారు, వెనుక కూర్చున్నవారు. 1864 నాటి ఉప్పెనలో బందరు ప్రాంతమున సుమారు 30,000 మంది మరణించిరని చెప్పుకొని నేటికిని వగచుచున్నాము. అంతకు మించిన ఉప్పెన, తల కప్పుకొనని దోషముననే, ఏటేట దేశమును ముంచుచున్నది. మనకు చీమ కుట్టినట్లైన లేదు. మోటారు వాహనముల చట్టము 129వ సెక్షను హెల్మెట్టును విధించుచున్నది. 2019 సవరణతో చేరిన 194డి సెక్షను, ధరింపనివానికి వేయి రూపాయల జరిమానాయు, మూడునెలలు లైసెన్సునకు అనర్హతయు నిర్ణయించినది. 2024లో మన హైకోర్టు సైతము ఈ నిబంధన యేల అమలు జరుగుటలేదని ప్రభుత్వమును నిలదీసెను. అమలు జరుగవలసినదే. ఎట్లు జరుగవలెననునది మా విచారము.

ఇటీవల ఒక కాలువగట్టున మేము కన్నులార చూచినది చెప్పెదము. ఊరు చెప్పము, పేరు చెప్పము. మాకు కావలసినది వ్యక్తి గాదు, పద్ధతి. మలుపున తుమ్మచెట్టు చాటున ఇద్దరు జవానులు నిలిచియుండిరి. ఎదుటినుండి ఒక యువకుడు తల్లిని వెనుక కూర్చుండబెట్టుకొని వచ్చుచుండెను. ఇరువురికిని హెల్మెట్టు లేదు; తప్పే. జవానులలో నొకడు చెట్టుచాటునుండి ఒక్క గెంతున రోడ్డు నడుమకు దూకి హ్యాండిలు పట్టబోయెను. యువకుడు బెదరి కుడికి తిప్పెను. చక్రము కాలువయంచునకు జానెడు దూరమున నాగెను. తల్లి గుండె పట్టుకొని నేల కూలబడెను. జవాను ఆమెవంక చూడనైన చూడక చలానా వ్రాసెను. ఆ జానెడు నేలయే లేకున్న, హెల్మెట్టు లేక ఎన్నడో కలుగవచ్చునన్న మరణము హెల్మెట్టు పేరిట ఆనాడే కలిగియుండెడిది గదా!

గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా గడచును. కన్ను చూచి, మనస్సు గ్రహించి, చేయి బ్రేకు నొక్కుటకే ఇంచుమించు ఒక సెకను పట్టును. పది మీటర్ల యెదుట మనిషి దూకినచో నడుపువాడు చేయగలది యేమి? వానిని గ్రుద్దుట, లేదా కాలువలో పడుట. ఈ చిన్న లెక్క తెలియని జవానును దోషిగ నెంచుటకు మాకు మనసొప్పదు. తెలుపని వారిదే దోషము.

ఇది మన జిల్లా వ్యాధి మాత్రమే కాదు. 2018 మార్చిలో తిరుచిరాపల్లి సమీపమున తువాకుడివద్ద, హెల్మెట్టు లేని దంపతుల బండిని వెంబడించి కాలితో తన్నెనను ఆరోపణపై ఒక ట్రాఫిక్కు అధికారిని అరెస్టుచేసిరి. ఆ బండినుండి పడిన యిల్లాలు మరణించెను. మరుసటి యేడు, 2019 నవంబరులో, కేరళ హైకోర్టు హెల్మెట్టు లేనివారిని వెంటాడి పట్టుట తగదనియు, కెమెరా మొదలగు సాధనములతో నేరమును నమోదు చేయవలెననియు చెప్పినది. వేయి రూపాయల అపరాధమునకు మరణదండన విధించు శాసనము ఏ దేశమునను లేదు. శిక్షణ లేని చేయి దానిని విధించుచున్నది.

ఇక ఎన్నిక మాట. రాష్ట్ర పోలీసు నియామక మండలివారు 2022 నవంబరులో 6,100 కానిస్టేబులు ఉద్యోగములకు ప్రకటన చేసిరి. తుది ఫలితములు 2025 ఆగస్టులో వెలువడినవి. వ్రాతపరీక్షలతోపాటు అభ్యర్థుల ఎత్తు కొలిచిరి, రొమ్ము కొలిచిరి. 1,600 మీటర్ల పరుగు, 100 మీటర్ల పరుగు, దూరపు గెంతు పరీక్షించిరి. ఇవి యన్నియు కావలసినవే. కాని పరుగు చూచిరి, గెంతు చూచిరి, కోపము చూడలేదు. రొమ్ము విశాలమును కొలపట్టీతో కొలిచిరి. ఓర్పును కొలుచు కొలబద్ద అందు లేదు. సామాన్య కానిస్టేబులును చేర్చుకొనుటకు ఇది చాలునేమో. వారిలోనుండి మోటారు సైకిలెక్కి రహదారిని ఏలవలసినవానిని ఏరుటకు వేరు జల్లెడ యుండవలదా? ఖాళీగ నున్నవానినో, అధికారి కన్నున పడినవానినో పిలిచి తాళపుచెవి చేతికిచ్చుట ఎన్నిక యనిపించుకొనదు.

“నేర్పుట దేనికి? పదునారేండ్లు నిండకమునుపే మన కుర్రవాండ్రందరును బండి నడుపుచున్నారు గదా!” అని కొందరందురు. అదియే ప్రమాదము. గురువు లేక వచ్చిన విద్యలో తప్పులును అలవాటుగనే వచ్చును. వేగముగ పోవుట ఎవనికైనను వచ్చును. మెల్లగ పోవుటయే కష్టము. సంతలో, రథోత్సవములో, మాఘపున్నమికి హంసలదీవి పోవు జనసందోహములో, నడకవేగమున, కాలు నేల మోపక, బరువైన బండిని మరలించుట నేర్చినవాడు వేగముననైనను తొట్రుపడడు. అందుకే ఈ విద్యకు పేరుపడిన దేశములలో మొదటి పాఠము వేగము కాదు. మైదానమున వరుసగ శంకువులు నిలిపి, ఇరుకున సందు విడిచి, వాటి నడుమ బండిని త్రిప్పింతురు. క్లచ్చిని సగము పట్టి సగము విడుచు ఒడుపు, వెనుక బ్రేకును సున్నితముగ వాడుట, పోవలసిన దిక్కునకే తల త్రిప్పి చూచుట, ఇవి చేతికి వచ్చువరకు దారి యెక్కనీయరు. ఆ పిమ్మట తడి నేలపై హఠాత్తుగ నిలుపుట, అడ్డము వచ్చినదానిని తప్పించుట, మలుపున వేగము నదుపుచేయుట, రాత్రివేళ ఎదుటి దీపమునకు కన్ను చెదరక పోవుట. అమెరికాలో పెక్కుచోట్ల ఇందుకు రెండువారముల, 80 గంటల పాఠక్రమము వాడుకలో నున్నది. జపానులో తెల్లబండ్లపై తిరుగు షిరోబై దళమువారు పేరు చెప్పినంత గౌరవము సంపాదించుకొనిరి. దేశవ్యాప్తమైన పోటీలలో వారి నేర్పు పరీక్షింపబడుచుండును.

ఇంగ్లండు కథయు వినదగినది. 1930 తరువాతి దశాబ్దమున లండను పోలీసువారు హెండనులో డ్రైవింగు పాఠశాల స్థాపించి, మోటారు పందెములలో ఆరితేరినవారి సలహా తీసికొని, తమ డ్రైవర్లకు నియమములు నేర్పిరి. ఆ పాఠములనుండియే 1955లో రోడ్‌క్రాఫ్ట్ అను గ్రంథము వెలువడెను. మోటారు సైకిలు పోలీసులకు ప్రత్యేక గ్రంథమును పిమ్మట వచ్చినది. ఇక హెల్మెట్టు చరిత్ర. 1935లో మోటారు సైకిలు ప్రమాదమున మరణించిన టి. ఇ. లారెన్సుకు చికిత్స చేసిన వైద్యులలో హ్యూ కెయిర్న్సు అను మెదడు శస్త్రవైద్యుడొకడు. ఆయన ఆ మరణమును మరువక, సైన్యమున మోటారు సైకిళ్లపై వార్తలు మోయువారి తలగాయములను పరిశీలించి 1941లో తన ఫలితములను ప్రకటించెను. ఆ యేడే సైన్యము పనిమీద నున్న తన మోటారు సైకిలు వారికి హెల్మెట్టు తప్పనిసరి చేసినది. సామాన్య ప్రజకు ఆ నియమము 1973లో గాని రాలేదు. క్రమమును గమనింపుడు. మొదట ఉద్యోగి తల. పిమ్మట పౌరుని తల. మొదట పాఠశాల, పిమ్మట చలానా. ఆ పరదేశీయుడు తన ప్రజకొరకు కట్టుకొన్న పాఠశాలను మనము విడిచి, మనలను కొట్టుటకు తెచ్చిన లాఠీని మాత్రము వారసత్వముగ నుంచుకొనుట ఏమి వివేకము? 1902-03 నాటి ఫ్రేజరు కమిషను, పరప్రభుత్వము నియమించినదయ్యును, పోలీసువారికి శిక్షణ చాలదనియు, ప్రజలు వారిని పీడకులుగ నెంచుచున్నారనియు ఒప్పుకొన్నది. నూటయిరువదేండ్ల పిమ్మట అదే మాట మనమును చెప్పుకొనవలసివచ్చుట సిగ్గుగాదా?

“కెమెరాలుండగా మనుష్యులేల?” అను వాదము గలదు. కెమెరా నేరమును చూచును; రక్తమును ఆపదు. త్రాగి నడుపువానిని దారినుండి తప్పింపదు. గాయపడినవానిని లేవనెత్తదు. “సిబ్బంది చాలరు, శిక్షణకు పంపిన కూడళ్లెవరు చూతురు?” అను వాదమును గలదు. రెండువారముల పాఠమునకు తీరిక లేదనువారు, కాలు విరిగి ఆరునెలలు మంచము పట్టిన జవాను స్థానమున ఎవరిని నిలుపుదురు? బండినుండి పడువాడు పౌరుడే కాడు. జవానుకును ఆలుబిడ్డలు గలరు. “భయము లేనిదే ప్రజ వినదు” అను మూడవ వాదము మిక్కిలి పాతది. కోనేరు కూడలిలో లాఠీ యెత్తినవారి వాదము అదియే. ఆనాడు ప్రజ వినలేదు. భయపడినవాడు పోలీసు కనబడినచోట హెల్మెట్టు పెట్టును, మలుపు తిరిగినంతనే తీసి ట్యాంకుపై నుంచును. నమ్మినవాడు చీకటిలోనైనను తీయడు.

కావున మేము కోరునది యిది. మోటారు సైకిలు పనికి తాముగ ముందుకు వచ్చినవారినే తీసికొనవలెను, ఉత్తరువుతో ఎక్కింపరాదు. స్త్రీ జవానులకును సమానావకాశ ముండవలెను. కొన్నియేండ్లు పోలీసు పని చేసి, దురుసుతనమునకుగాని లంచమునకుగాని ఫిర్యాదు లేనివారు కావలెను. కన్ను, చెవి, లైసెన్సు, పూర్వప్రమాదములు విచారింపవలెను. మైదానమున కనీసము రెండువారములు, పిదప అనుభవజ్ఞుని వెంట కొన్నినెలలు దారిమీద నేర్పవలెను. తప్పినవానిని తప్పినట్లే చెప్పి వేరు పనికి పంపవలెను. అది అవమానము కాదు, వాని ప్రాణరక్షణము. ఏటేట మరల పరీక్షింపవలెను. బండి నేర్పుటతోపాటు మాట నేర్పవలెను. దూరమునుండి కనబడుచోటనే, వెడల్పైన అంచుననే బండి నాపవలెను; మలుపున, వంతెనపై, కాలువగట్టున ఆపరాదు. హ్యాండిలు పట్టుట, తాళపుచెవి లాగుట, వెంటాడుట నిషేధింపవలెను. పారిపోయినవాని నెంబరు పారిపోదు. రేపు వాని యింటికి నోటీసు పోవును. గాయపడినవాని మెడ కదలకుండ ఇద్దరుగ హెల్మెట్టు తీయు విధానమును, రక్తము నాపు విధానమును ప్రతివానికి నేర్పవలెను. గాయపడిన మొదటి గంటయే ప్రాణమునకు కీలకమని చట్టము సైతము గుర్తించినది. దీనికి కోట్ల ధనము కావలదు. బందరులో నొక మైదానము, నూరు శంకువులు, ఒక మంచి గురువు చాలును. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పి, బుద్ధికి చదువుతోపాటు చేతికి పని నేర్పవలెనని దేశమునకు చాటిన పట్టణమునకు ఈ మాట క్రొత్తగాదు.

ఒక్క సెక్షనును జవానులకు జ్ఞాపకము చేసెదము. మోటారు వాహనముల చట్టమున 2019లో చేరిన 210బి ప్రకారము, ఆ చట్టమును అమలుచేయు అధికారి తానే నేరము చేసినచో, సామాన్యునికంటె రెట్టింపు జరిమానాకు పాత్రుడగును. ఈ సెక్షను ఎన్నిమార్లు వాడబడినదో ప్రతి జిల్లా అధికారియు ఏటేట ప్రకటింపవలెను. టోపీ పెట్టుకొని బండి నడుపు జవాను హెల్మెట్టు లేదని యొరుని ఆపుట శ్రీరంగనీతులు చెప్పుటయే. కంచెయే చేను మేసిన చేను కాపు ఎవరికి మొరపెట్టుకొనును?

చివరకు మా చదువరులకు ఒక మాట. పోలీసును విమర్శించు అర్హత మనము సంపాదించుకొంటిమా? ముగ్గురము ఒక బండిపై నెక్కుచున్నాము. మీసము రాని బిడ్డకు తాళపుచెవి యిచ్చి ముచ్చటపడుచున్నాము. అట్టి తండ్రికి 199ఏ సెక్షను మూడేండ్ల ఖైదు వరకు విధింపవచ్చునని యెరుగము. 2021 జూను 1 నుండి ఐ.ఎస్.ఐ. ముద్ర లేని హెల్మెట్టు అమ్ముట నిషిద్ధమైనను, చౌకగ దొరకు బుడ్డిని కొని చలానాను తప్పించుకొంటిమని సంతోషించుచున్నాము. ఆపిన జవానుకు శాసనసభ్యుని పేరు చెప్పుచున్నాము. లేదా చేతిలో నోటు పెట్టుచున్నాము. మంచి పోలీసును కోరు ప్రజ మంచి ప్రజ కావలెను.

అయినను మొదటి అడుగు అధికారము గలవానిది. శిక్ష వేయు చేయి ముందు శిక్షణ పొందవలెను. కోనేరు కూడలిలో తెల్లచొక్కా జవాను బండి యాపి, హెల్మెట్టు తీసి, “అయ్యా, కొంచెము ప్రక్కకు రండి” యని పిలిచిన దినమున, లాఠీ కాలము ముగిసినదని మేము నమ్మెదము. ఆ దినమున మనము చెల్లించు జరిమానా సైతము మన రాజ్యమునకు చెల్లించినదగును.